ఇరవై ఒక్క సీసాలు

బుధు రైల్వేలో కీమేన్. కొత్తవలస నుంచి కిరండూల్ పోయే లైన్లో, టైడా దాటాక కొండెక్కే చోట అతని బీటు. ఆరు కిలోమీటర్లు, మూడు సొరంగాలు, ఒక పెద్ద వంతెన. 2006లో రిటైరయ్యేదాకా పదిహేడేళ్లు ఆ ఆరు కిలోమీటర్లూ నడిచాడు. మధ్యలో ఒక్కసారి తప్ప ఎప్పుడూ ఆ బీటు పోతుందన్న భయం అతనికి రాలేదు. ఇది అప్పటి సంగతి.

పొద్దున్న ఆరింటికి, లైను బాగుచేసే గ్యాంగు గుడిసె దగ్గర సుత్తి, స్పానరు, రెండు ఎర్ర జెండాలు తీసుకుని బయల్దేరేవాడు. వెళ్లేటప్పుడు ఎడమ పట్టా, తిరిగొచ్చేటప్పుడు కుడి పట్టా చూసేవాడు. పట్టాను దాని కింద అడ్డంగా పరిచిన స్లీపరుకు బిగించి ఉంచే ఇనుప చీలను కీ అంటారు. అరచెయ్యంత ఉంటుంది. ఇనుప రాయి నింపుకుని కొండ దిగే గూడ్సుల అదురుకి కొన్ని కీలు కొద్దికొద్దిగా బయటికి జరుగుతాయి. వాటిని వెతికి మళ్లీ లోపలికి కొట్టడం కీమేన్ పని.

ఈ పని అతనికి నేర్పింది గాసి అనే పాత కీమేన్. నేర్పిందల్లా ఒకటే. ప్రతి కీ మీదా సుత్తి మెల్లగా తాకించి వినాలి.

"గట్టిగుంటే ఠంగుమంటాది. వదులైతే దబ్బుమంటాది. దబ్బన్నదాన్ని కొట్టు. ఠంగన్నదాని జోలికెల్లకు. మోగుతున్న కీని మళ్లీ కొట్టినావంటే స్లీపరు పగుల్తాది."

మొదటి ఏడాది బుధు ఆ మాట వినలేదు. మోగిన కీకి ఇంకో దెబ్బ వేస్తే ఇంకా మంచిదనుకున్నాడు. కీని పట్టి ఉంచే స్లీపరు దవడ పగిలింది. గూడ్సు గంటసేపు ఆగింది. నేర్పినవాడు గాసి కాబట్టి చార్జిషీటు గాసికి వచ్చింది. గాసి బుధుని ఏమీ అనలేదు. రిటైరయ్యి ఊరెళ్లేటప్పుడు కూడా అనలేదు. ఆ తర్వాత బుధు మోగిన కీని ఎప్పుడూ కొట్టలేదు.

జబ్బు 1998 వానల్లో మొదలైంది. రెండో సొరంగం దాటాక రాళ్ల వెనక కూర్చున్నప్పుడు మొదటిసారి రక్తం చూశాడు. జిగటతో కలిసి ఉంది. కాసేపు చూశాడు. చెప్పుతో కంకర తోసి కప్పేసి, సుత్తి తీసుకుని నడిచాడు. పట్టాల మీద మేక చచ్చినా గ్యాంగు అంతే చేస్తుంది.

కొండల్లో వానాకాలం అందరికీ విరేచనాలే. కొట్టులో అమీబా మాత్రలు అడిగి తెచ్చుకున్నాడు. తగ్గలేదు. మళ్లీ తెచ్చుకున్నాడు. ఏడాది గడిచేసరికి రోజుకి ఏడెనిమిది సార్లు అయింది. వస్తే ఆగేది కాదు. నూరు అడుగులు నడిచే వ్యవధి కూడా ఇచ్చేది కాదు.

బీటు మీద ఒంటరిగా నడవడం అతనికి ఆసరా అయింది. అవసరమైనప్పుడు పొద వెనక్కి వెళ్లొచ్చు. ఎవరూ చూడరు. సొరంగంలోనే కుదరదు. రెండోది ఆరువందల మీటర్ల సొరంగం. లోపల చీకటి, పక్కన గోడ, ఏ క్షణాన రైలొస్తుందో తెలియదు. అందుకని ఆ సొరంగంలోకి అడుగు పెట్టగానే అతని నడక పెరిగేది. సుత్తి నాలుగు కీలకి ఒకసారి, తర్వాత పది కీలకి ఒకసారి తాకేది. అవతలి వెలుతురు కనబడితే చాలనుకునేవాడు.

1999 ఆగస్టులో కంకర సర్దడానికి గ్యాంగు ఆ సొరంగంలోకి వెళ్లింది. సాయంత్రం బుధు గుడిసె దగ్గరికి వచ్చేసరికి అప్పలస్వామి మేస్త్రీ చేతిలో కీ పట్టుకుని నిలబడి ఉన్నాడు. విజయనగరం వైపు మనిషి. పన్నెండు మంది గ్యాంగుకి పెద్ద.

"ఏటిరా బుధూ ఇది?"

బుధు కీ వైపు చూశాడు.

"సేత్తో లాగితే ఊడొచ్చీసింది. ఇదొక్కటి కాదు, పదకొండు. నీ సుత్తి ఏటి, నీ పెళ్లాం సుక్రి పిండి దంచడానికి అట్టుకెల్లిపోయిందేటి?"

గ్యాంగు నవ్వింది. బుధు జెండాలు చుట్టి మూల పెట్టాడు.

"సూసుకోలేదు మేస్త్రీ."

"నువ్వు సూసుకోకపోడవేటి? పదేళ్లై నీ ఎనకాల నేనొక్క కీ కొట్టి ఎరగను. తాగుతున్నావా?"

"లేదు."

"మరేటి? నిలబడి సెప్పు."

బుధు వంగి స్పానరు కూడా మూల పెట్టాడు. అప్పలస్వామి మిగతావాళ్లని పొమ్మని సైగ చేసి, గొంతు తగ్గించాడు.

"డిసెంబరు పద్దెనిమిదిన ఇన్‌స్పెక్టరు ట్రాలీ మీదొత్తాడు. నిన్ను ముందెట్టి ఈ సొరంగంలో నడిపిత్తాడు. పదకొండు అక్కర్లేదు, నాలుగు వదులు కనబడితే బీటు తీసీసి గ్యాంగులో ఏసేత్తాడు. అప్పుడు నేనేటీ సెయ్యలేను. బాగు సేసుకో, నీకేటయిందో నాకు తెల్దు గాని."

గ్యాంగులో వేయడమంటే ఏమిటో బుధుకి తెలుసు. పన్నెండు మంది ఒక వరసలో నిలబడి గడ్డపారలతో పట్టా ఎత్తుతారు. ఎత్తినవాడు మేస్త్రీ కూత వేసేదాకా వదలకూడదు. ఒకడు వదిలితే పక్కవాడి పాదం మీద పడుతుంది. అక్కడ తను ఒక వారం కూడా ఉండలేడు. ఉండలేకపోతే డాక్టరు దగ్గరికి పంపుతారు, తర్వాత అన్‌ఫిట్ అని రాస్తారు. రైల్వే ఆస్పత్రికి వెళ్లకపోవడానికీ అదే కారణం. అక్కడ చెప్పిన మాట కార్డులోకి ఎక్కుతుంది.

ఆ రోజు ఇంటికెళ్లి సుక్రికి చెప్పాడు. సుక్రి పొయ్యి దగ్గరినుంచి లేవకుండానే అంది.

"తెలుసు. నీ బట్టలు ఉతికేది నేనే కదేటి."

"మరి అడగలేదేటి?"

"నువ్వు సెప్తావని సూసినాను. ఏడాది సూసినాను."

మర్నాడు రైల్లో మిషన్ ఆస్పత్రికి తీసుకెళ్లింది. అక్కడ నర్సు దెబోరా. కింద మైదానం నుంచి వచ్చి ముప్ఫై ఏళ్లుగా కొండల్లోనే ఉండిపోయిన మనిషి. తెల్ల చీర, మందపాటి కళ్లద్దాలు.

"ఎన్నాళ్ల నుంచి?"

"పోయినేడు వానల్నుంచి సిస్టరమ్మా."

"ఏడాదా? ఏడాది నుంచి రక్తం పోతుంటే కొట్టువాడిచ్చిన మాత్రలు శనగల్లా నములుతున్నావా? నువ్వేనా రైలు పట్టాలు చూసేది? ఇంక నేను రైలెక్కను."

విశాఖపట్నంలో ఒక డాక్టరుకి ఉత్తరం రాసిచ్చింది. బుధు మూడు రోజులు సెలవు పెట్టి కిందికి వెళ్లాడు. అక్కడ వెనకనుంచి గొట్టం పంపి చూశారు. డాక్టరు కాగితం మీద పెద్దపేగు బొమ్మ గీసి, ఆఖరి జానెడున్నరని ఎర్ర పెన్నుతో నింపాడు. అల్సరేటివ్ కొలైటిస్ అన్నాడు. పేగు లోపలి పొర పుండుపడింది, ఇది అమీబా కాదు, తిన్నదాని వల్ల వచ్చింది కాదు అన్నాడు. పుండు కిందనే ఉంది గనక మందు నోటి నుంచి పంపక్కర్లేదనీ, మలద్వారం గుండా నేరుగా పుండు మీదికే పంపవచ్చనీ చెప్పాడు. అది స్టెరాయిడ్ మందు. నోటితో మింగితే ఒళ్లంతా తిరుగుతుంది, ఇలా అయితే చాలావరకు ఉన్నచోటే ఉంటుంది అన్నాడు.

"పని సేసుకోవచ్చా?" బుధు అడిగింది అదొక్కటే.

"చేసుకోవచ్చు. మందు మాత్రం ఆపకూడదు."

మందు మిషన్ ఆస్పత్రికే వచ్చింది. అక్టోబరు మొదట్లో దెబోరా అట్టపెట్టె బల్ల మీద పెట్టింది. ఇరవై ఒక్క సీసాలు. పిడికిట్లో పట్టే మెత్తటి ప్లాస్టిక్ సీసా, మూతకి చిటికెనవేలంత పొడుగు సన్నటి ముక్కు. లోపల పాలరంగు నీళ్లు. బుధు, సుక్రి ఆ పెట్టె వైపు చూస్తూ కూర్చున్నారు.

"మాటల్తో చెప్తే మీకు అర్థం కాదు," అని దెబోరా లేచి, రోగుల బెంచీ మీద తనే పడుకుంది. ఎడమవైపు తిరిగి, కుడి మోకాలు పొట్టలోకి ముడిచింది. బయట వరసలో ఉన్న ఇద్దరు ఆడవాళ్లు తలుపులోంచి తొంగిచూశారు.

"ఇలా. ఎడమవైపే. పేగు అటే తిరుగుద్ది. సీసా బాగా కుదిపి, ముక్కుకి కొంచెం నూనె రాసి, మెల్లగా పంపి, మెల్లగా నొక్కాలి. సీసా చల్లగా ఉంటే పేగు తన్నేస్తది, గోరువెచ్చ చేసుకోండి. రాత్రి తిని, బయటికెళ్లొచ్చాక. పెట్టాక లేవకూడదు. అరగంట తప్పనిసరి. పొద్దున్నదాకా ఉంటే మరీ మంచిది." లేచి చీర సర్దుకుంది. "ఏమ్మా, చూశావా? ఇంకోసారి పడుకోమంటావా?"

"సూసినానమ్మా." సుక్రి నవ్వాపుకుంది.

"ఇరవై ఒక్కటీ అవ్వాలి. అయ్యాక నా దగ్గరికి రండి. అప్పుడు రోజు విడిచి రోజు ఇచ్చి, తర్వాత ఆపుతాం. ఒక్కసారే ఆపకూడదు."

"రక్తం ఆగిపోతే?" బుధు అడిగాడు.

"ఆగినా."

బుధు తలూపాడు. అర్థమైందనుకుంది దెబోరా.

రైల్వే క్వార్టరు ఒక గది, ఒక వసారా. ఇద్దరు ఆడపిల్లలూ అరకులో హాస్టల్లో ఉండి చదువుకుంటున్నారు. ఏడింటికి అన్నాలు తినేశాక సుక్రి గిన్నెలో వేడినీళ్లు పోసి సీసా అందులో వేసింది. బుధు గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

"మోకాలు ముడు."

ముడిచాడు.

"ఇంకా. సిస్టరమ్మ అంత ముసిల్ది ముడిసింది, నీకేటి?"

"కానీ బేగి."

"బేగి కాదు, మెల్లగన్నాది." సీసా చెంపకి ఆనించి వేడి చూసింది. "సిగ్గేటి నీకు? మన గుంటల్ని కన్నప్పుడు నన్ను ఊరు ఊరంతా సూసింది. నువ్వూ సూసినావు."

గోడ సున్నం మీద ఒక చీమ పైకి పోతోంది. అది ఎక్కడిదాకా పోతుందో చూస్తూ ఉన్నాడు. వెచ్చదనం లోపలికి వచ్చింది. నొప్పి లేదు, వెళ్లాలన్న ఒత్తిడి మాత్రం వెంటనే వచ్చింది. పళ్లు బిగించాడు. పది నిమిషాలకి లేచి బయటికి పరిగెత్తాడు.

రెండో రోజు ఇరవై నిమిషాలు. మూడో రోజు కింది స్టేషన్లో గూడ్సు కూత వినబడింది, అది ఎక్కి వచ్చి క్వార్టర్ల వెనకనుంచి దాటి పోవడం వినబడింది, తర్వాత తెల్లారింది. ఎప్పుడు నిద్రపట్టిందో తెలియదు.

ఎనిమిదో రోజు రక్తం లేదు. తొమ్మిదో రోజు, పదో రోజు కూడా లేదు. రోజుకి రెండుసార్లకి దిగింది. రెండో సొరంగంలో మెల్లగా నడిచాడు. ఒక్కో కీ తాకించి విన్నాడు. ఆ సొరంగంలో కీల చప్పుడు విని చాలా రోజులైందని తోచింది. సంతోషమేమీ కలగలేదు. పని మామూలుగా అయింది, అంతే.

పదకొండో రోజు సుక్రి నీళ్లు పెట్టబోతే వద్దన్నాడు.

"ఏం?"

"మోగుతంది."

"ఏటి మోగడం?"

"గట్టిపడింది. ఇంక కొట్టక్కర్లేదు. మోగినాక కొడితే పగుల్తాది."

"సిస్టరమ్మ ఇరవై ఒకటి అన్నాది."

"సిస్టరమ్మకి కీలు తెల్దు."

సుక్రి గిన్నె దించింది. పట్టాల సంగతిలో అతని మాట తప్పు కావడం ఆమె ఎప్పుడూ చూడలేదు. మిగిలిన పదకొండు సీసాలూ ట్రంకుపెట్టెలో దుప్పటి కింద పెట్టింది.

నెల గడిచింది. నవంబరు ఆఖరి వారంలో, మొదటి సొరంగం ఇంకా రాకముందే కడుపు పట్టేసింది. కూర్చున్నాడు. లేచి చూశాడు. పోయినేడు చూసినదానికంటే ఎక్కువ ఉంది. కాలితో కంకర తోశాడు. మళ్లీ తోయాల్సి వచ్చింది. ఆ రోజు రెండో సొరంగంలో ఏ కీ తాకించాడో, ఏది తాకించలేదో అతనికే తెలియదు. ఇన్‌స్పెక్టరు రావడానికి ఇంకా మూడు వారాలే ఉన్నాయి.

ఇద్దరూ మళ్లీ ఆస్పత్రికి వెళ్లారు. దెబోరా ఈసారి బెంచీ మీద పడుకోలేదు. కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది.

"ఎన్ని పెట్టుకున్నావు?"

"పది."

"నేను ఎన్ని చెప్పాను?"

బుధు నెమ్మదిగా కీల సంగతి చెప్పాడు. ఠంగుమనడం, దబ్బుమనడం, పగిలిన స్లీపరు, గాసి చార్జిషీటు. ఆస్పత్రిలో అతను అంతసేపు మాట్లాడటం అదే మొదటిసారి.

"నాకు రైళ్ల సంగతి తెలీదు బుధూ," అంది చివరికి. "పేగు సంగతి తెలుసు. రక్తం ఆగినంత మాత్రాన పుండు మానినట్టు కాదు. లోపల పచ్చిగానే ఉంటది. మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టు. నీ దగ్గర పదకొండు ఉన్నాయి, మిగతా పదీ ప్యాసింజర్లో తెప్పిస్తాను. ఇప్పుడైనా వింటావా, కీల భాషలో ఎవరినైనా పిలిపించనా?"

బుధు వింటానన్నాడు. ఆ మాటలో గట్టితనం లేదని సుక్రికి తెలిసింది.

స్టేషన్లో దిగి పట్టాల పక్కనే ఇంటికి నడుస్తున్నారు. అతను ముందు, ఆమె వెనక. కొంతదూరం పోయాక సుక్రి అడిగింది.

"మావా, నిన్న ఎన్ని కీలు కొట్టినావు?"

"మూడు."

"మొన్న?"

"మొన్న కొట్టలేదు. అన్నీ గట్టిగున్నాయి."

"అన్నీ గట్టిగుంటే మరి నిన్న ఎందుకెల్లినావు?"

"ఎల్లాలి కదా." అన్నాక అతని నడక కొంచెం తగ్గింది. "బళ్లు తిరుగుతుంటాయి కదా."

సుక్రి అతని వెనకే నడిచింది. డిసెంబరు ఒకటో తారీకు అది. ఏడింటికి అన్నం తిన్నాక బుధు తనే లేచి గిన్నెలో నీళ్లు పోసి పొయ్యి మీద పెట్టాడు.

ఈసారి కష్టమైంది. మొదటి నాలుగు రోజులూ మందు నిలవలేదు. ఒక రోజు అయిదు నిమిషాలకే దుప్పటి తడిసింది. బయటికి వచ్చేస్తే ఆ పూటకి వదిలేసి మర్నాడు పెట్టమని దెబోరా చెప్పింది. సుక్రి దుప్పటి తీసి నానబెట్టి, పాత చీర మడతపెట్టి పరిచింది. మర్నాటి నుంచి నడుము కింద గోనెపట్టా మడత పెట్టి ఎత్తు చేసింది. అతని వెనక కూర్చుని, లేవకుండా తుంటి మీద చెయ్యి వేసి అదిమి ఉంచింది. గడియారం ఆమెకి ఎదురుగా ఉండేది.

"ఎంతయింది?"

"అడక్కు."

"ఎంత?"

"పదిహేను. నోర్మూసుకు పడుకో."

చలికాలం. గది తలుపు సందులోంచి గాలి వచ్చేది. అతను గోడ వైపు చూస్తూ ఉండేవాడు. చీమలు లేవు. ఏమీ ఆలోచించేవాడు కాదు. కడుపు ముడుచుకోవడం, వదలడం, మళ్లీ ముడుచుకోవడం, అది వేరెవరి ఒంట్లోనో జరుగుతున్నట్టు వినేవాడు.

"బతికున్నావా?"

"ఊఁ."

ఆరో రోజు అరగంట నిలిచింది. తొమ్మిదో రోజు తెల్లారేదాకా నిలిచింది. రక్తం తగ్గింది గాని పూర్తిగా పోలేదు.

పదిహేడో తారీకు సాయంత్రం అప్పలస్వామి అతన్ని పక్కకి పిలిచాడు.

"ఒరే, నీ కడుపు బాగోలేదని గ్యాంగందరికీ తెలుసు. మొన్న పందెం కాసినారు కూడాను, నువ్వు నీళ్లోసుకున్నావని. రేపు తెల్లారగట్ల ఇద్దర్ని సొరంగంలోకి తోలుతాను. అన్ని కీలూ కొట్టీసి వచ్చెత్తారు. నువ్వు ఊరికే నడు."

"వద్దు మేస్త్రీ."

"ఏం, పరువా?"

"వాళ్లకి మోగేదీ మోగందీ తెల్దు. అన్నీ కొట్టీసి స్లీపర్లు పగలగొడతారు."

అప్పలస్వామి అతని మొహంలోకి చూసి, "నీ ఇట్టం, నీ బీటు," అని వెళ్లిపోయాడు.

మర్నాడు మంచు దట్టంగా ఉంది. ఇన్‌స్పెక్టరు రమణమూర్తి మఫ్లరు చుట్టుకుని, నలుగురు తోసే ట్రాలీ మీద వచ్చాడు. రెండో సొరంగం ముందు దిగాడు. ట్రాలీని పట్టాల మీంచి ఎత్తి పక్కన పెట్టారు. అప్పలస్వామి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"కీమేన్, నువ్వు రోజూ ఎలా నడుస్తావో అలాగే నడు. నేను నీ వెనకాల వస్తాను."

బుధు లోపలికి నడిచాడు. వెనక టార్చి వెలుతురు. సుత్తి తాకించాడు. ఠంగు. ఠంగు. ఠంగు. ఒకచోట దబ్బుమంది. రెండు దెబ్బలు వేసి, మళ్లీ తాకించి, మోగాక కదిలాడు. పైనుంచి నీటి చుక్కలు మెడ మీద పడుతున్నాయి.

సగం దూరంలో కడుపు పట్టింది.

అతను ఆగాడు. ముందు వెలుతురు చుక్క ఇంకా చిన్నదిగానే ఉంది. ఇంతకుముందైతే ఇక్కడినుంచే నడక పెంచేవాడు. సుత్తి కర్ర మీద బరువు వేసి నిలబడ్డాడు.

"ఏమైంది?" వెనకనుంచి ఇన్‌స్పెక్టరు.

"ఏటీ లేదు సార్."

అప్పుడే కూత వినబడింది. పైనుంచి లోడు గూడ్సు దిగుతోంది. గోడలో మనిషి నిలబడేందుకు తొలిచిన గూడు పది అడుగుల్లో ఉంది. ఇద్దరూ అందులోకి ఇరుక్కున్నారు. ఇన్‌స్పెక్టరు మోచెయ్యి బుధు పొట్టకి ఆనుకుంది. ఇంజన్లు దాటాయి. గోడ అదిరింది, నేల అదిరింది, అదురు కాళ్లలోంచి పొట్టలోకి ఎక్కింది. ఇప్పుడు వస్తే ఎక్కడికీ పోలేడు. పక్కన ఇన్‌స్పెక్టరు, ముందు బండి.

వ్యాగన్లు దాటుతున్నాయి. అలవాటు కొద్దీ చక్రాల చప్పుడు విన్నాడు. ఎడమ పట్టా మీద, తాము వచ్చిన వైపు, ప్రతి చక్రానికీ ఒకేచోట చప్పుడు మారుతోంది. ఎన్నో కీ అది అని లెక్కపెట్టుకున్నాడు. గూటి నుంచి వెనక్కి పన్నెండు, కాదు, పదమూడు. మళ్లీ విన్నాడు. పదమూడే.

ఆఖరి వ్యాగను దాటింది. దుమ్ము ఇంకా తగ్గకముందే బుధు బయటికొచ్చి వెనక్కి నడిచాడు. పదమూడో కీ మీద సుత్తి తాకించాడు. దబ్బుమంది. మూడు దెబ్బలు వేశాడు.

ఇన్‌స్పెక్టరు టార్చి దాని మీద వేశాడు.

"ఇది ఇందాక మోగింది కదా. నేను విన్నాను."

"మోగింది సార్. బండి ఎల్లింది కదా."

కడుపు ఎప్పుడు వదిలిందో అతనికి గుర్తులేదు. మిగతా సగం అదే నడకతో నడిచాడు.

బయటికొచ్చాక ఇన్‌స్పెక్టరు పుస్తకంలో రాసుకున్నాడు. "రెండు. బాగానే ఉంది." పెన్ను జేబులో పెట్టుకుంటూ, "ఆగస్టులో ఈ సొరంగంలోనే పదకొండు దొరికాయని ఎవరో అన్నారు?" అన్నాడు.

"ఆనాకాలం సార్," అన్నాడు అప్పలస్వామి. "అప్పుడు ఈ సొరంగం జల్లెడే."

ట్రాలీ మంచులోకి పోయింది. అప్పలస్వామి బుధు వైపు తిరిగాడు.

"ఉంచీసాడు. మొకం అలాగెట్టావేటిరా, బీటు పోయినోడిలాగ?"

"ఐదు నిమిషాలు మేస్త్రీ," అని బుధు రాళ్ల వెనక్కి వెళ్లాడు. కూర్చుని లేచాక చూశాడు. రక్తం లేదు. అయినా కాలితో కంకర తోసి కప్పాడు. కుడి పట్టా ఇంకా మొత్తం మిగిలి ఉంది. సుత్తి తీసుకున్నాడు.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి సుక్రి అన్నం వార్చి ఉంది. ఇద్దరూ తిన్నారు. అతను బయటికెళ్లొచ్చి తలుపేశాడు. పొయ్యి మీద గిన్నెలో నీళ్లు ఉన్నాయి.

"ఏటన్నాడు?"

"ఉంచీసాడు."

"రక్తం?"

"లేదు."

సుక్రి గిన్నెలోంచి సీసా తీసి చెంపకి ఆనించి చూసింది. ఒక క్షణం అలాగే పట్టుకుని ఉంది, అతనేమైనా అంటాడేమోనని. బుధు గోనెపట్టా మడతపెట్టి పరుపు మీద వేశాడు. ఎడమవైపు తిరిగి పడుకున్నాడు.

"ఇది పద్దెనిమిది," అంది సుక్రి. "ఇంకా మూడున్నాయి."

"ఊఁ."

"మోకాలు ముడు."

ముడిచాడు.